అరసంచి తూకం

ఆర్మూరు పసుపు మార్కెట్లో గంగాదాస్ నలభై ఏళ్లు దడ్వాయిగా పనిచేశాడు. అంటే రైతు తెచ్చిన సంచిని కాంటాకెక్కించి బరువు పలికే మనిషి. ఆయన కూత పెడితే ఏర్గట్లలో పొదిగే కోళ్లు గుడ్ల మీద నుంచి లేచేవట. ఎద్దుబండి గేటు దాటుతుండగానే, బండివాడి నోట్లో చుట్టతో సహా బరువు చెప్పేవాడట. చుట్ట సంగతి నమ్మకపోయినా బండి సంగతి నమ్మవలసిందే.

మోకాళ్లు మొరాయించి పని మానేశాక, ఇంటి వెనక రేకుల కింద కుందేళ్లు పెంచసాగాడు. ఒక వరసలో తెల్లటి న్యూజిలాండ్ జాతి, రెండో వరసలో బూడిదరంగు సోవియట్ చించిల్లా. రెండో వరస మీద రేకులు వంగిపోయాయి, వానలకు నిలవవు; ఇక ఒక్క వరసకే చోటు. అందుకని తీర్పు చెప్పేశాడు: ఏ జాతి పిల్లలు త్వరగా బరువెక్కితే అది ఉంటుంది, రెండోది తల్లితో సహా కమ్మర్‌పల్లి సాలోమోనుకు, మాంసానికి.

భార్య రత్నవ్వ ప్రాణమంతా బూడిదవాటి మీదే. తల్లికి పాలు పడకపోతే దాని నాలుగు కూనలకూ దూదితో పాలు చప్పరింపజేసి బతికించింది.

రెండు జాతుల్లోనూ ఒకే వారం పుట్టిన పిల్లలు నాలుగేసి. ఎనిమిదో వారం నుంచి ప్రతి ఆదివారం, ఒక్కో జాతి నాలుగింటినీ కలిపి తూచి, గోడ మీద సుద్దతో రాసేవాడు. తెల్లవి బుద్ధిగా ప్లాస్టిక్ ట్రేలో కూర్చునేవి. బూడిదవి ఎగిరి దూకేవి కాబట్టి వాటిని గోనెసంచిలో వేసి మూతి కట్టేవాడు. వారం వారం బూడిదవే వెనకబడుతున్నాయి.

"గోడ జూడే రత్నా! గీ వారం గూడ నీ బిడ్డలు ఎనకనే."

"నా చేతికి రెండూ ఒక్క తీరే ఉన్నయి. నీ కాంటకే ఏదో అయింది."

"కాంటను అనకు. నలభై ఏండ్లల ఒక్క రైతన్న నా తూకంల వేలు వెట్టిండా?"

"నీ గొంతుకు భయపడి ఊకున్నరు. నేనెందుకు ఊకుంట?"

పన్నెండో వారం ఆఖరి తూకానికి సాలోమోను బండి మీద తీగెల బుట్ట కట్టుకుని వచ్చాడు. తెల్లవి నాలుగూ కలిసి, ట్రే బరువు పోను, ఎనిమిది కిలోలు తూగాయి. బూడిదవాటి సంచి ఎక్కించగానే గంగాదాస్ పాత గొంతు లేచింది.

"ఏడు కిలోల నాలుగు వందలూ!"

సాలోమోను తల వంచి చూశాడు. "కాకా, కాంట మీద ఎనిమిది నాలుగొందలున్నది గదా?"

"సంచికి కిలో తియ్యొద్దారా? పసుపు పండే ఊర్ల పుట్టినోనికి గీ ముచ్చట చెప్పాల్నా?"

రత్నవ్వ చేతిలోని గడ్డి కింద పడేసి లేచింది. కుందేళ్లను గూట్లోకి వదిలి, ఖాళీ సంచిని కాంటా మీద వేసింది. అయిదు వందల గ్రాములు.

"కుందేళ్లు అడుగుకు జారి దొరుకుత లేవని, మొదటి తూకం నాడే గా సంచిని సగానికి కోసి కుట్టింది నేనే. నీ కండ్ల ముంగటనే కుట్టిన."

సాలోమోను పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరసంచికి గూడ నిండు కిలోనా కాకా!"

గంగాదాస్ నవ్వలేదు. దొంకేశ్వర్ నీలవ్వ గుర్తొచ్చింది. ఏటా ఆమె పసుపును చిన్న చిన్న సంచుల్లో తెచ్చేది. "అన్నా, గివి పొట్టి సంచులే" అని మెల్లగా అనేది. ఆయన తల తిప్పకుండానే సంచికో కిలో కొట్టేసి కూత పెట్టేవాడు.

సుద్ద తీసుకుని బూడిదవాటి అంకెలన్నింటికీ అరకిలో చొప్పున కలిపాడు. చివరిది ఏడు కిలోల తొమ్మిది వందలు అయింది.

"అయినా తెల్లయే వంద గ్రాములు ఎక్కువ," అన్నాడు నీరసంగా.

"పొద్దున క్యాబేజీ ఆకు ముందుగాల ఎవలకేసినవ్?"

"తెల్లయిటికే. బూడిదయిటికి ఇంకా ఎయ్యలే."

"మరి గా వంద గ్రాములు గా ఆకే."

గంగాదాస్ వంగిన రేకుల కింద రెండు వాసాలు నిలబెట్టి, సరిపోతుందా అని చూశాడు. సాలోమోనును ఖాళీ బుట్టతోనే పొమ్మన్నాడు.

"ఆగు," అన్నాడు మళ్లీ. "దొంకేశ్వర్ మీదికెల్లి పోతవా? నీలవ్వ ఇంటి కాడ నన్ను దించు. ఒక జత ఇచ్చొస్త."

"ఎంత బరువుయి కాకా?"

"తూస్త లేను," అన్నాడు గంగాదాస్, రెండు కుందేళ్లనూ ఒళ్లో పెట్టుకుంటూ.