గాలి మీద నేరం మోపనివ్వని సారు

ఇంజనీరు సారు పోయారు. నిజామాబాద్ దవాఖానలో, నిద్రలోనే. కబురు తెచ్చిన పక్కింటి ఆటో అతను వెంటనే, "ఇగ గా కాంట్రాక్టర్ నిమ్మలంగ పంటడు తాతా," అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది. ఎందుకో చెబుతాను. నాకు ఎక్కువ మాటలు రావు.

సారు గాలివాన నష్టం చూసి రాసే సర్కారు ఇంజనీరు. నేను ఆర్మూర్‌లో పసుపు బస్తాలు మోసిన హమాలీని. మా ఆవిడ ఒక సేటు గోదాంలో పసుపు కొమ్ములు ఏరేది. ఒక ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచి ఆ గోదాం కప్పు ఊడి పడింది. మా ఆవిడ అక్కడే పోయింది. వెంటనే వాన. బయట పోసిన పసుపు తడిస్తే రైతు మునుగుతాడని, జనం ఊడిన రేకులే తెచ్చి కుప్పల మీద కప్పారు. మన దగ్గర ఎవరైనా చేసే పనే. మర్నాడు సారు వచ్చేసరికి ఏ రేకు ఎట్లా ఊడిందో చూద్దామంటే ఏమీ మిగల్లేదు. గోదాం కట్టిన కాంట్రాక్టర్ మాత్రం ఉన్నాడు. "గాలికి ఎవలేం జేస్తరు సార్, దేవుని పని," అన్నాడు. కాగితం మీద గాలే అని రాయాల్సి వచ్చింది.

పోతూ సారు నా దగ్గర ఆగారు. "గాలి ఏం జేసిందో రేకు మీద రాసి పోతది. చదవకముందే తుడిచిండ్రు. ఇగ నేను గాలెంటే పోత."

అన్నట్టే గాలి వెంట పడ్డారు. పడమట ఎర్రబడితే చాలు, స్కూటర్ మీద మా గల్లీలోకి వచ్చి హారన్ కొట్టేవారు.

"ఎక్కు పెద్దమనిషీ, ఆలూర్ దిక్కు లేచింది!"

ముక్కుకు రుమాలు, పళ్ల మధ్య లవంగం. పడిన ఇంటి ముందు ఆగి, ముందు పడనిదాన్ని చూసేవారు. "పక్కన గడ్డివాము నిలవడ్డది. గిది గాలి పనెట్లయితది?"

ఒకసారి జక్రాన్‌పల్లి దగ్గర అదే కాంట్రాక్టర్ కట్టిన షెడ్డు లేచిపోయింది. మేమే ముందు చేరాం. వాడు ట్రాక్టర్‌తో వచ్చి రేకులు ఎత్తబోతే, సారు ఒక రేకు మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నారు.

"లేవుండ్రి సార్, వానొస్తది!"

"రానీ. నాకు అంగి ఉతుకుడు తప్పుతది."

రేకును పట్టి ఉంచే ఇనుప కొక్కేలు అంచుల్లోనే ఉన్నాయి. నడుమంతా ఉత్త తీగతో కట్టాడు. సారు తీసిన ఫొటోలతో వాడికి సర్కారు పనులు బందయ్యాయి. ఆ రోజు నా కడుపు నిండిందంటే అబద్ధం. సగమే నిండింది. మా ఆవిడ కాగితంలో ఇప్పటికీ నేరం గాలిదే.

సారుకూ అదే కోపం. "నీ పెండ్లాం పోయిన గోదాం మల్ల వాడే కప్పిండు, మల్ల తీగతోనే. సేటుకు చెప్పిన, ఇనలే. గాలి లేస్తే ఆడోళ్లను బయటికి గుంజు. గాలి సాక్ష్యం జెప్పినంక పాత కాగితం తిరగరాపిస్త," అనేవారు.

అంతలోనే పోయారు. శవం దగ్గరికి కాంట్రాక్టర్ కూడా దండ పట్టుకుని వచ్చాడు. "మంచోడు. గాలెనుక దిరిగి పాణం మీదికి తెచ్చుకుండు," అన్నాడు.

"సారే పోయిండు. గాలి పోలే," అన్నాను. వాడితో నేనన్న మాట అదొక్కటే.

సారు భార్య కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టింది. నొక్కడం సారే నేర్పారు.

నిన్న సాయంత్రం పడమట ఎర్రబడింది. గోదాంకు పోయి ఆడవాళ్లను బయటికి పిలిచాను. అందరూ వచ్చారు. రోడ్డు ఇవతల నిలబడి, పళ్ల మధ్య లవంగం పెట్టుకుని, కెమెరా కంటికి ఆనించాను. "జర గట్టిగ రా," అన్నాను గాలితో.

నడుమ రేకు ఒకటి లేచింది, పడింది. మళ్లీ లేచింది.