చెవి దగ్గర ఊపి కొన్న పవర్ సప్లై

ఆ రోజుల్లో లోకంలోని కష్టాలన్నీ కరెంటు చాలకపోవడం వల్లే వస్తున్నాయని నాకు గట్టి నమ్మకం. డిగ్రీ ముగించి, రాజమండ్రిలో ఒక ట్యుటోరియల్‌లో లెక్కలు చెబుతుండేవాణ్ణి. (పగలంతా పిల్లలకు ఏకాగ్రత గురించి ఉపన్యాసాలు, సాయంత్రం ధవళేశ్వరంలో ఇంటికి చేరగానే కంప్యూటర్ ముందు కూర్చుని తుపాకులు పేల్చడం.) ఆ కంప్యూటర్ మూతపడిన ఇంటర్నెట్ సెంటర్ నుంచి తెచ్చుకున్న పాతది. ఆటలో శత్రువు నన్ను కాల్చి, పక్కవాణ్ణి కూడా కాల్చి వెళ్లిపోయాక గానీ నా తెర మీద వాడు కనిపించేవాడు కాదు. నా జట్టులోనే ఆడే ఆత్రేయపురం బావ, అంటే మా మేనత్త కొడుకు, ఈ అవమానం చూడలేకపోయాడు. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి విశాఖ వెళ్తూ, తిరిగొచ్చేదాకా వాడుకోమని ఆటలో బొమ్మల్ని తెర మీదికి చకచకా తెచ్చే తన గ్రాఫిక్స్ కార్డు నాకిచ్చాడు. ఇంట్లోవాళ్ల పూతరేకుల దుకాణంలో సెలవులన్నీ కూర్చుని సంపాదించుకున్న కార్డది. పూతరేకుల అట్టపెట్టెలో, పాత లుంగీ ముక్కలో చుట్టి మరీ ఇచ్చాడు. "నీ పాత పవర్ సప్లై దీన్ని మొయ్యలేదురా. మంచిది కొన్నాకే తగిలించు. నాసిరకంది పేలితే కార్డుని కూడా తీసుకుపోద్ది. దీనికేమన్నా అయ్యిందో, నీకూ నాకూ మాటల్లేవు" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

పవర్ సప్లై అంటే గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటర్ తినగలిగేట్టు వండి వడ్డించే ఇనప పెట్టె. దాని గురించి ఇంటర్నెట్‌లో దొరికిందల్లా చదివి, నా కార్డుకు సరిపడా వాట్లు, మంచి రేటింగ్ ఉన్న ఒక చిన్న పెట్టెను ఎంచుకున్నాను. అయితే మా ఇంట్లో ఫ్యాన్ నుంచి అక్క పెళ్లి సన్నాయి మేళం దాకా ఏదైనా బాబాయి ఎంచాల్సిందే. బాబాయిది కొబ్బరికాయల వ్యాపారం. కాయను అరచేతిలో పట్టి, చెవి దగ్గర ఒక్కసారి ఊపి, లోపలి సంగతంతా చెప్పేస్తాడని చుట్టుపక్కల పేరు. (ఆ పేరు తెచ్చుకోవడంలో ఆయన కృషి కూడా కొంత ఉంది.) నేను షాపుకి బయల్దేరుతుంటే, "మిషన్ సామాను నీకేం తెలుసురా, ఉండు, నేనూ వస్తున్నా" అంటూ చొక్కా తొడుక్కున్నాడు.

షాపాయన నేనడిగిన పెట్టె తీసి, "ఇది మంచి సరుకండి" అన్నాడు. బాబాయి దాన్ని చేతిలో పట్టి చూసి పెదవి విరిచాడు. అలమర అడుగున దుమ్ము కొట్టుకుని ఉన్న ఇంకో పెట్టెను తీయించాడు. దాని మీద నా పెట్టెకు రెండింతల వాట్లు అచ్చేసి ఉన్నాయి. బరువైతే చెయ్యి కిందికి వాలిపోయేంత. చెవి దగ్గర పెట్టి ఊపాడు. కౌంటర్ ముందున్న వాళ్లంతా మాటలాపి ఫలితం కోసం చూశారు.

"చప్పుడే లేదు. లోపల నిండుగా ఉంది" అన్నాడు బాబాయి.

"అది మేం పెద్దగా అమ్మమండి. గ్యారంటీ కూడా లేదు" అన్నాడు షాపాయన.

బాబాయి నన్ను పక్కకు లాగి, "అమ్మేవాడు ఏది పొగిడితే అది వదిలెయ్యాలిరా, ఏది దాస్తే అది పుచ్చుకోవాలి. ఇరవయ్యేళ్ల వ్యాపారం నాది" అన్నాడు. అంతమంది ముందు బాబాయి మాట తీసెయ్యడానికి నాకు నోరు రాలేదు. దాన్నే తెచ్చుకున్నాం. దాన్నీ బావ కార్డునీ తగిలించడానికి నేను కంప్యూటర్ విప్పితే, పిన్ని అందిన ప్రతి భాగానికీ కుంకుమ బొట్టు పెట్టింది.

మూడోనాటి సాయంత్రం, ఆట రసకందాయంలో ఉండగా, టప్పుమంది. గదంతా కమురు వాసన. పెట్టె విప్పితే లోపల గుప్పెడు తీగలు, వాటి పక్కన జిగురుతో అంటించిన సిమెంటు బిళ్ల. బరువంతా దానిదే. బాబాయి ఆ బిళ్లను అరచేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "కాయలో సిమెంటు పోసి అమ్మినోణ్ణి నేనింతవరకూ చూళ్లేదురా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నాకు మాత్రం భయమేసింది. కార్డు బతికుందో లేదో తేల్చుకోవాలన్నా మంచి పవర్ సప్లై కావాలి. బావతో ఆట లేకపోతే పోయింది, మాట కూడా పోతుందేమో.

మర్నాడు నేను ట్యుటోరియల్ నుంచి వచ్చేసరికి నేను మొదట ఎంచిన చిన్న పెట్టె బల్ల మీద ఉంది. బాబాయి దాన్ని ఊపినట్టు లేడు. నేను వైర్లు తగిలిస్తున్నంతసేపూ కుర్చీ అంచున కూర్చుని, "వచ్చిందా? వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నాడు. కార్డు మీది చిన్న ఫ్యాన్ ఓసారి ఆలోచించి, తిరిగింది. తెర వెలిగింది. బాబాయి లేచి, పిన్నిని కాఫీ అడిగాడు.

బావ తిరిగొచ్చాక కార్డును లుంగీ ముక్కలోంచి తీసి, అటూ ఇటూ తిప్పి, "కార్డుకి బొట్టెందుకు పెట్టార్రా?" అన్నాడు. ఇక చెప్పక తప్పలేదు. అంతా విని, వాడు ముందు కార్డును ఒళ్లోకి లాక్కున్నాడు, తరవాత నవ్వాడు. సిమెంటు బిళ్ల ఇప్పటికీ బాబాయి గోడౌన్‌లో తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉంది. ఎవరైనా అడిగితే "కంప్యూటర్ సామాను" అంటాడు.

ఈమధ్య నేను కొత్త పవర్ సప్లై తెప్పించుకున్నాను. రివ్యూలు చదివాను, రేటింగ్ చూశాను, గ్యారంటీ కార్డు దాచాను. ఆ తర్వాత, గదిలో ఎవరూ లేకుండా చూసి, పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపాను. చప్పుడు లేదు. బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. "అయితే విప్పి చూడు" అన్నాడు.