మామ్మ పెట్టిన కాటుక

మామ్మ పోయిందని చిన్నాన్న టెక్కలి హాస్టల్‌కి ఫోన్ చేశాడు. "పొద్దున్నే ఎల్లిపోయిందమ్మా, బయల్దేరొచ్చీ" అన్నాడు. పూండి దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వెళుతున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. మా గుమ్మం ముందు చంటిపిల్లలను చంకనేసుకుని నిలబడ్డ ఆడవాళ్లను చూశాక వచ్చింది. ఒక్క పిల్ల కంటికీ కాటుక లేదు. అది మామ్మ చలవే.

ఆవిడను మీరెవరూ ఎరగరు. మా నాన్నకు అమ్మ. ఒకప్పుడు మా జాలర్ల వాడలో ఏ ఇంట పిల్ల పుట్టినా మొదటి కాటుక ఆవిడే పెట్టాలి. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, పట్టిన మసిని గీకి రంగరించేది. హస్తవాసి మంచిదని పేరు. "సేతిలో ఉంటాది గానీ కాటుకలో ఏటుంది" అనేది.

తొంభైల చివర్లో, నాకు ఏడేళ్లప్పుడు, బోర్డు మీద అక్షరాలు నాకు ఆనడం లేదని మాస్టారు ఇంటికొచ్చి చెప్పారు. ఆడపిల్లకు కళ్లజోడేమిటని ఇంట్లో బెంగ. మామ్మ ఇచ్ఛాపురం సంతకెళ్లి నల్లగా మెరిసే రాతి సుర్మా పొడి తెచ్చింది. చూపు పెరుగుతుందని అమ్మినవాడు చెప్పాడట. రోజూ బడికి వెళ్లేముందు నా తల ఒళ్లో పెట్టుకుని రెండు కళ్లకూ పెట్టేది. మండేది, నీళ్లు కారేవి. "కారనీ అమ్మా, సెడంతా పోతంది" అని మర్నాడు ఇంకాస్త ఎక్కువ పెట్టేది. కళ్లు చీము పట్టేదాకా ఆపలేదు.

పలాసలో కంటి డాక్టరు ఆ పొడిని కాగితం మీద పోసి చూశాడు. గరుకు పొడి నల్లగుడ్డును గీరి పుండు చేసిందన్నాడు. ఇలాంటి సుర్మాలో సీసం ఉంటుందని, పిల్లల ఒంట్లోకి పోతే విషమని చెప్పాడు.

"సీసవంటే, మా వలకి కట్టేదేనా బాబూ?" అంది మామ్మ.

"అదే."

వలను నీటి అడుక్కి లాగే ఆ సీసం సంగతి ఆవిడకు తెలిసినంత డాక్టరుకు తెలియదు. నా కుడికన్ను దక్కింది. ఎడమకంట్లో పువ్వు మిగిలింది, చూపు పోయింది.

ఊరొచ్చిన మర్నాడే మామ్మ నన్ను వెంటబెట్టుకుని వాడంతా తిరిగింది. ప్రతి గుమ్మంలో నా గడ్డం ఎత్తి, "సూడండి, నాను సేసిన పని. ఆ రాతిపొడి ఉంటే పారీండి. పిల్లల కళ్లలో ఏటీ ఎట్టకండి" అని చెప్పింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆవిడ సిగ్గు ఎంతో నాకప్పుడేం తెలుసు? ఆ తర్వాత మసి కాటుక కూడా ఎవరికీ పెట్టలేదు. బతిమాలితే "నా సెయ్యి మంచిది కాదమ్మా" అనేది.

నాకు కోపం లేదంటే అబద్ధం. పదమూడేళ్లప్పుడు బళ్లో ఎవరో ఒంటికన్నుదానా అన్నారని, ఇంటికొచ్చి "అంతా నీ వల్లే" అనేశాను. ఎండుచేపలు తిరగేస్తున్న ఆవిడ తలెత్తకుండా "అవునమ్మా" అంది. ఆ మాట అన్నందుకు నేనింకా బాధపడుతూనే ఉన్నాను.

సెలవులకు వెళ్లినప్పుడల్లా నా కుడికన్ను అరచేత్తో మూసి, ఎదురుగా వేళ్లు చూపించి "ఎన్నమ్మా?" అని అడిగేది. తెలియడం లేదనేదాన్ని. పోయిన నెల వెళ్లేసరికి మంచం పట్టింది. రెండు చేతులూ ఎత్తే ఓపిక లేక, కన్ను నన్నే మూసుకోమంది. మూసుకుని, నా వేళ్ల సందులోంచి చూశాను.

"మూడు మామ్మా."

"మూడా?"

"మూడే."

ఆవిడ చెయ్యి దించలేదు. ఆ మూడు వేళ్లనూ తనవైపు తిప్పుకుని చాలాసేపు చూసుకుంది.