అత్తమ్మ గొంతును ఎక్కడ దాచాలి?

మా అత్తమ్మకు గొంతు దగ్గర కంతి లేచింది. దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో డాక్టర్ చూసి ఆపరేషన్ తప్పదన్నాడు. ప్రాణానికి భయం లేదు గానీ, గొంతు మునుపటిలా ఉంటుందని మాత్రం మాట ఇవ్వలేనన్నాడు. నల్గొండ దగ్గరి మా ఊళ్లో బతుకమ్మ ఆడేటప్పుడు ముందు పాట ఎత్తుకునేది ఆమే. కరువు ఏట అంగడిలో అమ్మేసిన నల్ల బర్రె మీద ఆమె సొంతంగా కట్టిన పాట ఒకటుంది. అది వింటే ఎన్నడూ ఆ బర్రె మొహం చూడని నాకే ఏడుపు ఆగేది కాదు. అందుకని ఆపరేషన్‌కు ముందే ఒక మైకు కొనుక్కొచ్చి, మన్సూరాబాద్‌లో మా కిరాయి ఇంట్లో కంప్యూటర్ ముందు ఆమెను కూర్చోబెట్టి పాటలన్నీ రికార్డు చేశాను.

సరిగ్గా బర్రె పాట నడుమ కుక్కర్ కూత పెట్టింది. దాని వెనకే మా ఆయన మీద నేను అరిచిన అరుపూ అందులో పడింది. మళ్లీ పాడమందామంటే ఆమెకు ఆయాసం వస్తోంది. సరే పోనీ అని అట్లాగే ఉంచేశాను.

ఆపరేషన్ బాగానే అయింది. మాట బొంగురుగా వచ్చింది, పాట మాత్రం రాలేదు. రోజూ సాయంత్రం కంప్యూటర్ దగ్గరికి కుర్చీ జరుపుకొని, "జర నా పాట పెట్టు బిడ్డా" అనేది. తన గొంతు తానే విని, వేరే ఎవరో బాగా పాడుతున్నట్టు తల ఊపేది. అప్పుడు పట్టుకుంది నాకు భయం. ఈ డబ్బా చెడిపోతే ఆమె గొంతు ఇక ఎక్కడా లేదు.

మా ఇంట్లో ముందు పంచాయితీ, తర్వాతే పని.

"సీడీలల్ల కొట్టిచ్చి బీరువాల పెట్టు, పీడ పోతది" అన్నాడు మా ఆయన. మా పెళ్లి సీడీ ఆ బీరువాలోనే ఉంది. పెట్టినప్పుడల్లా తలంబ్రాల దగ్గర ఆగిపోతుంది. ఆయన మాట నేను వినలేదు. నాకు నేనే మెయిల్ చేసుకుందామని కూర్చుంటే, ఒక్క పాట ఎక్కేలోపే కరెంటు పోయేది. పైఅంతస్తులో గుంటూరు వైపు నుంచి వచ్చినాయన కిరాయికి ఉండేవాడు. పొద్దున నల్లా దగ్గర తెలంగాణ గురించి మా ఆయనతో గొంతు చించుకునేవాడు, సాయంత్రం ఆయనతోనే చాయ్ తాగేవాడు. ఆయన అన్నాడు: "బయట పెట్టుకునే హార్డ్ డిస్క్ ఒకటి కొనుక్కోండమ్మా. అయితే రెండూ ఒక్కచోట ఉంచకండి. అది చుట్టాలింట్లో పెట్టండి."

డిస్క్ కొన్నాం, పాటలు ఎక్కించాం. చుట్టాలింట్లో పెట్టడం మాత్రం రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండిపోయాం. ఆ మధ్యలోనే మా మరిది వచ్చాడు. ఊరి నుంచి కూరగాయల వ్యాను తోలుకొని వచ్చినప్పుడల్లా మా ఇంట్లో తిని పోతాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి తన ఫోన్‌ను మా కంప్యూటర్‌కు తగిలించి ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఏం రోగాలున్నయో నీ ఫోన్ల! దానికి అంటిస్తవా ఏంది?" అన్నాను. నవ్వుతూ వైరు పీకేసి అన్నానికి కూర్చున్నాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు ఇంట్లో పనిముట్లన్నీ ఒక్కచోట పేర్చాలి. కత్తిపీట, కత్తెర, బండి తాళాలు, వాటి నడుమ కంప్యూటర్, దాని నెత్తి మీద హార్డ్ డిస్క్. అది కూడా పనిముట్టే కదా అని నేనే పెట్టి, రెండింటికీ పసుపు కుంకుమలు అద్ది బంతిపూలు పెట్టాను. మా ఆయన కొబ్బరికాయ కొట్టి, బండి చక్రం మీద పోసినట్టే ఆ నీళ్లు భక్తిగా వాటి మీద పోశాడు. పూజయ్యాక, మంచి రోజు కదా, ముందు అత్తమ్మ పాటే పెడదామని వైర్లన్నీ తగిలించి స్విచ్ వేశాను. ఠప్పుమంది. కాలిన వాసన హాలంతా నిండింది. రిపేరు షాపు వాళ్లు రెండింటినీ విప్పి చూసి, పెదవి విరిచి, తిరిగి చేతిలో పెట్టారు.

అత్తమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు, కరెంటు కోతలు నిజంగానే ఉండేవి. "కరెంటు లేదత్తమ్మా" అనేదాన్ని. కరెంటు ఉన్నప్పుడు "ఓల్టేజీ తక్కువున్నది" అనేదాన్ని. ఆమె తిరుగుతున్న ఫ్యాను వైపు ఒకసారి చూసి, కుర్చీ వెనక్కి జరుపుకునేది. నాకు అన్నం సయించేది కాదు.

ఒకరోజు దవాఖానలో చూపించుకొని ఇద్దరం ఆటోలో వస్తున్నాం. ఎల్బీ నగర్ చౌరస్తాలో తెలంగాణ వాళ్ల వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు, వాటి మీద అన్నం గంజులు, చుట్టూ జెండాలు. ఆటో ఆగిపోయింది. ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. మైకులో పాట వస్తోంది. నేను చికాకులో సరిగా వినలేదు. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతలో మైకులో పెద్దగా కుక్కర్ కూత. వెంటనే నా గొంతు, చౌరస్తా మొత్తం దద్దరిల్లేలా: "ఓ ఉలుకూ పలుకూ లేని మనిషీ! గా గ్యాసు బంద్ చెయ్యరాదు!"

జనం గొల్లుమన్నారు. పాటలో నల్ల బర్రె మళ్లీ అంగడికి నడిచింది.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కానీ ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను. గుండె మీది బండ దిగిపోయింది. మరిదికి ఫోన్ చేశాను.

"నువ్వు తిట్టి వైరు పీకిచ్చేలోపే ఎక్కినయి వదినా" అన్నాడు. "ఊర్ల అందరి ఫోన్లల్ల ఉన్నయి, ఆడికెల్లి ఏడేడికో పోయినయి. నీ తిట్టు కాడ ఇంకింత సౌండు పెడతరు."

ఆ తర్వాత ఆ పాటలు ఎక్కించుకోకుండా ఏ చుట్టాన్నీ మా గడప దాటనివ్వలేదు. పంచాయితీ చేసి చేసి చివరికి మేం పట్టుకున్న పద్ధతి అదే.

ఆ రోజు అత్తమ్మ ఆటో దిగి, ఆ గుంపులో కలిసి, తన పాటకు తానే చప్పట్లు కొట్టింది. ఆమె ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు. దారి తెరిచారు, ఆటో అతను తొందర పెడుతున్నాడు. "పోదాం పా అత్తమ్మా" అన్నాను.

ఆమె నా వైపు చూడకుండా, చప్పట్లు ఆపకుండా అంది: "జరసేపు ఆగు బిడ్డా. మనింట్ల ఓల్టేజీ తక్కువున్నది కదా."