అంటు కాదు, సెగ

నేను మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతాను. ఉద్యోగ పరీక్షలకు కూర్చునే పిల్లలకు రేడియోధార్మికత పాఠం ఒక్క పూటలో తేల్చేయాలి. కొన్ని పరమాణువుల కేంద్రకాలకు నిలకడ ఉండదు, లోపల ఇమడలేక ఏదో ఒకటి బయటికి విసిరేసి కుదుటపడతాయి, అలా విసిరేవి మూడు రకాలు అని మొదలుపెడతాను. ఆల్ఫాను కాగితం ముక్క ఆపుతుంది, బీటాను పలుచని అల్యూమినియం రేకు ఆపుతుంది, గామాకు మందపాటి సీసం అడ్డం పెట్టాలి అని ముగిస్తాను. పిల్లలు రాసుకుని కిందికి టీకి పోతారు. ఇన్నేళ్లుగా అప్పజెప్పినట్టు చెబుతున్న ఆ పాఠాన్ని ఒకరోజు నేనే మింగాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

మొదట చేతులు వణికాయి. బోర్డు మీద గీసిన గీత వంకరపోయేది. కూర్చున్నచోటే గుండె దడదడలాడేది. ఎంత తిన్నా జాకెట్లు వదులయ్యేవి. ఇక కోపం సంగతి చెప్పనక్కర్లేదు, అసలే నాకు ముక్కు మీద ఉంటుంది. మా ఆయనకు అమీర్‌పేటలో మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీరకు సరిపోయే జాకెట్ ముక్క దొరకని ఆడవాళ్ల కోపాన్ని రోజంతా నవ్వుతూ భరించే మనిషి. ఆయన కూడా నా జోలికి రావడం మానేశాడు. పంజాగుట్టలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తోందనీ, మాత్రలు నాకు పడటం లేదు కాబట్టి రేడియో అయోడిన్ ఇద్దామనీ అంది.

"కోపం సుత తగ్గుతదా మేడమ్?" అని మా ఆయన ఆశగా అడిగాడు.

"జబ్బుతో వచ్చింది తగ్గుతుందండీ. పుట్టుకతో వచ్చినదానికి నా దగ్గర మందు లేదు" అంది ఆవిడ.

ఆ మందు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఒంట్లోకి వెళ్లిన అయోడిన్‌ని ఎక్కువగా పట్టి దాచుకునేది థైరాయిడ్ ఒక్కటే. వచ్చింది మామూలు అయోడినా, కిరణాలు విసిరే అయోడినా అని దానికి తేడా తెలియదు, రెండింటినీ ఆబగా లాక్కుంటుంది. అందుకే కత్తి పెట్టకుండా, దారి చూపించకుండా, మందు తనంతట తాను చేరాల్సిన చోటికి చేరుతుంది. చేరాక బీటా కణాలు రెండు మిల్లీమీటర్లు కూడా పోలేక అక్కడే ఆగి, అతిగా ఎగిరే కణాలను అణుస్తాయి. గామా మాత్రం ఒళ్లు దాటి బయటికి వస్తుంది. ఇది కనిపెట్టినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

ఆ గామాతోనే మాకు చిక్కొచ్చింది. నాకు ఐదేళ్ల కూతురుంది. రాత్రి నన్ను కరుచుకోకపోతే దానికి నిద్ర రాదు. కొన్ని వారాలపాటు పసిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నా జబ్బు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆసుపత్రిలో ఒకాయన సీసం డబ్బాలోంచి పొడుగాటి పటకారుతో గోళీ తీసిచ్చాడు. నీళ్లతో మింగాను. రుచి లేదు, మంట లేదు. నన్నెవరో మోసం చేశారేమో అనిపించింది. మెట్రో ఎక్కితే జనం మీద మీద పడతారని, మా ఆయన కారులో వెనక సీటు మూలకు ఒదిగి, అద్దాలు దించుకుని, పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఎస్.ఆర్. నగర్‌లో మా ఇంటికి చేరాం.

గుమ్మానికి రెండు వైపులా వేపమండలు కట్టి ఉన్నాయి.

మా అత్తమ్మ చేనేత ఊరి మనిషి. మగ్గానికి కండెలు చుడుతూ నలుగురు పిల్లల్ని పెంచింది. ఆమె పసుపునీళ్ల చెంబుతో ఎదురొచ్చింది.

"ఇదేంది అత్తమ్మా?"

"ముట్టుకోవద్దు, పక్కన పండొద్దు, గిన్నెలు అలగ్ పెట్టాలె అంటిరి గదా. గిట్లాంటిది అమ్మతల్లి పోసుడు గాక ఇంకేముంటదే? మీ డాక్టర్లు పేరు వేరే పెట్టుకున్నరేమో!"

"నేను ఫిజిక్స్ చెప్తనత్తమ్మా! ఈ గల్లీ హాస్టళ్ల నిండ నా స్టూడెంట్లే. నా గుమ్మానికి వేపమండలా?" అని మెట్ల మీదే అరిచాను. మా ఆయన కళ్లతోనే బతిమాలాడు. విసురుగా వెళ్లి గదిలో పడ్డాను.

అయితే నిజం చెప్పొద్దూ, ఆ మండలు చేసిన మేలు నా సైన్సు చేయలేకపోయేది. మావాళ్లలో ఎవరికైనా బాగాలేదని తెలిస్తే బత్తాయిలు పట్టుకుని దిగిపోతారు. వచ్చినవాళ్లు దూరంగా కూర్చోరు, మంచమెక్కి చెయ్యి పట్టుకుని కన్నీళ్లు పెట్టుకోవాలి. అణువు, కిరణం అని నేను మొదలుపెడితే, "అయ్యో, బాంబులల్ల పెట్టేదే గదా!" అని బెంబేలెత్తి ఇంకా దగ్గరికి వచ్చేవాళ్లు. వేపమండలు చూడగానే గడప అవతలే దండం పెట్టి వెనుదిరిగారు. నెలలు నిండిన మా ఆడబిడ్డ కూడా అలాగే వెళ్లిపోయింది. నేను పళ్లు కొరుక్కుంటూ ఊరుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కునుకు పట్టింది. మంచం కదిలినట్టయి కళ్లు తెరిస్తే, నా కూతురు బొప్పాయి ముక్కల పళ్లెంతో నా పక్కనే కూర్చుని ఉంది. వెనక అత్తమ్మ మురిసిపోతూ నిలబడి ఉంది.

"బయటికి పో!" అని కేక పెట్టాను. ఎంత గట్టిగా అంటే, పళ్లెం జారిపడింది. పిల్ల ముఖం తెల్లబోయింది. ఏడవను కూడా ఏడవకుండా పరిగెత్తింది.

"ఎందుకే గట్ల ఒర్రుతవు?" అంది అత్తమ్మ. "పోయినేడు దానికి పోసింది గదా! ఒకపారి పోసినోళ్లకు మల్ల రాదు. నాకు చిన్నప్పుడే పోసింది. మా ఇద్దరికేం ఫికర్ లేదు."

ఆమె నిర్లక్ష్యం చేయలేదు. ఇంట్లో ఎవరు నా దగ్గరికి రావచ్చో పద్ధతిగా ఆలోచించి మరీ నా బిడ్డను పంపింది. వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆ కాసేపటికి ఏమీ కాదు, ఇకముందు జాగ్రత్త అంది. అప్పటికి ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత తలుపు ఓరగా తీసి, అత్తమ్మను హాల్లో ఆ చివర కూర్చోబెట్టి పాఠం చెప్పాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ క్లాసులోనూ చెప్పలేదు.

"ఇది పురుగు కాదత్తమ్మా, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మందు నా మెడల కూసొని కిరణాలు ఇడుస్తది. దగ్గరుంటే ఎక్కువ తాకుతయి, దూరముంటే తక్కువ తాకుతయి. ఒకపారి తాకితే మల్ల తాకయనేది లేదు" అన్నాను.

"అంటే అంటు కాదు, సెగ" అంది అత్తమ్మ. "పొయ్యి ముంగట కూసుంటే తాకుతది, ఎడంగ కూసుంటే తాకది. నిన్న తాకింది గదా అని ఇయ్యాల తాకకుంట ఉంటదా?"

పొయ్యి సెగ చర్మానికి తెలుస్తుంది, ఇది తెలియదు, అదొక్కటే తేడా అని నేను వదలకుండా చెప్పాను. "తెల్వనిదానికి ఇంక పదిలంగుండాలె" అంటూ ఆమె లేచింది. తన పాత నూలు చీర ఒకటి తెచ్చి, సగానికి మడిచి, నా గుమ్మం నుంచి హాల్లోకి పొడుగ్గా పరిచింది. ఆ కొస దగ్గర మనవరాలిని నిలబెట్టి, "గీ చీర మీద కాలు పెడితే ఊకోను బిడ్డా" అంది. ఆ రోజు నుంచి ఆ ఇంటికి ఆమే కాపలా. నాకు చెంబుల కొద్దీ మజ్జిగ, నీళ్లు పంపేది, మిగిలిన మందు మూత్రంతోనే ఎక్కువగా బయటికి పోతుందని ఆమెకు చెప్పాను మరి. నా పళ్లెం వేరుగా తోమేది. రాత్రి పిల్ల నా కోసం గునిస్తే కథలు చెప్పి పడుకోబెట్టేది. అలసట అనే మాట ఆమె నోట రాలేదు.

మధ్యాహ్నాలు చీర అవతల కూర్చుని ప్రశ్నలు వేసేది. సెగ ఎప్పుడు చల్లారుతుందంది. ఎనిమిది రోజులకు సగం, మళ్లీ ఎనిమిది రోజులకు ఆ సగంలో సగం అన్నాను. ఇది ఆసుపత్రిలోనే ఉంటుందా అంది. అప్పుడు నాకు హుషారొచ్చింది. ఉల్లిగడ్డలు మొలకెత్తకుండా గామా చూపిస్తారనీ, ఇంజెక్షన్ సూదుల్లో సూక్ష్మజీవుల్ని దానితోనే చంపుతారనీ, పొగ వస్తే మోగే కొన్ని అలారాల్లో ఆల్ఫా ఇచ్చే చిటికెడు లోహం ఉంటుందనీ చెప్పాను. పాతకాలం పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైటుకు కట్టే తెల్లని మ్యాంటిల్‌లో థోరియం ఉండేదంటే ఆమె నోరు తెరిచింది. మన వంటగది గ్రానైట్ బండలో, తినే అరటిపండులో, మన ఒంట్లో కూడా రవ్వంత ఉంటుందన్నాను.

"మస్తున్నదే! అందరిల ఉన్నదాన్ని పట్టుకొని నా కోడలొక్కదాన్నే గదిల ఏసిండ్రు" అంది.

చివరికి డాక్టరమ్మ పిల్లను ఎత్తుకోవచ్చని చెప్పిన సాయంత్రం వచ్చింది. నేను గుమ్మంలో నిలబడి చేతులు చాపాను. పిల్ల చీర కొస దాకా వచ్చి ఆగిపోయింది.

"దా బిడ్డా. కిరణాలు పోయినయ్."

కదల్లేదు. "అమ్మ ఒర్రుతది" అంది మెల్లగా, గోడకు ఆనుకుంటూ.

దాన్ని కాపాడిన కేకే దాని మనసులో ఉండిపోయింది. అయిపోయిందన్నాను, ప్రామిస్ అన్నాను, చాక్లెట్ ఇస్తానన్నాను. అది ఇంకో అడుగు వెనక్కి వేసింది. ఎన్ని వందల మందికి పాఠాలు చెప్పానో, నా కూతురికి ఒక్క మాట నమ్మించలేకపోయాను. వెనక్కి వచ్చి మంచం మీద కూలబడ్డాను.

అత్తమ్మకు ప్రేమ చూపించడం రాదు. నా మీద మనసైతే అన్నంలో నెయ్యి ఎక్కువ వేస్తుంది, అంతే. కన్న కొడుకును ముద్దు చేయడం కూడా నేను చూడలేదు. అలాంటి మనిషి చీర మీదుగా నడిచొచ్చి, మంచం మీద నా పక్కన కూర్చుని, నా తలను తన భుజం మీదికి లాక్కుంది. నూలు వాసన, పసుపు వాసన. పెళ్లై ఇన్నేళ్లలో ఆమె నన్ను దగ్గరికి తీసుకోవడం అదే మొదలు.

"చూడే, మీ అమ్మ ఏమన్న ఒర్రుతున్నదా?" అంది పిల్లతో.

నేను అరవడం లేదు, వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. పిల్ల కాసేపు చూసింది. తర్వాత పరుగున వచ్చి మంచమెక్కి, మా ఇద్దరి మధ్య తల దూర్చి, "జరుగు నానమ్మా, మా అమ్మ" అంటూ నెట్టింది.

అత్తమ్మ జరగలేదు.