దండు తలలకు మా రుమాళ్లు

మా ఆయన హైదరాబాదులో, విదేశీ అతిథులకు రాజ్యంలోని చేతిపనులు చూపించే దఫ్తరులో పనిచేసేవాడు. చుట్టూ ఉన్నది పెద్ద దేశం, మనది దాని మధ్యలో ఇరుక్కున్న చిన్న రాజ్యం, ఫౌజుతో నెగ్గలేం, మన నేతనూ మర్యాదనూ కళ్లారా చూసిన లోకం మనల్ని మింగనివ్వదు అనేవాడు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. పట్నంలో భయం ముదిరాక నన్నూ పాలు తాగే బాబునూ రామన్నపేట దగ్గరున్న వాళ్ల ఊరికి పంపాడు.

పట్నం మొహం ఎన్నడూ చూడని మా అత్త కూడా అదే నమ్ముకుని బతుకుతున్నదని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

వాళ్లది నేత ఇల్లు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి, ఎరుపు నలుపు రంగులద్ది తేలియా రుమాళ్లు నేసేవాళ్లు. ఎంత ఉతికినా నూనె వాసన పోదు. తలకు కడితే ఎండ తెలియదు. మగ్గం నుంచి కోసిన మొదటి రుమాలు అమ్మరు. గడపకు వచ్చిన పెద్దమనిషికి ఇస్తారు.

నిజాం తరఫున తుపాకులు పట్టి ఊళ్ల మీద పడుతున్న దండు మొదటిసారి వచ్చినప్పుడు, అత్త దాని నాయకుడికి చల్ల పోసి, ఆ మొదటి రుమాలు చేతిలో పెట్టిందట. పక్క వాడ కాలిపోయింది. మా వాడ మిగిలింది. ఇక వాళ్లు వచ్చినప్పుడల్లా రుమాళ్లు ఇవ్వడమే. చివరకు దండులో చాలామంది తలలకు మావే. ఒకడు పోతూ పోతూ బాబు బుగ్గ గిల్లాడు. వాడు మలుపు తిరిగేదాకా నవ్వు మొహంతో నిలబడి, లోపలికి పోయి ఆ బుగ్గను కందిపోయేలా కడిగాను.

వానాకాలం చివర బెజవాడ రోడ్డు మీదుగా పెద్ద దేశపు మిలట్రీ వచ్చింది. దండు చెదిరిపోయింది. ఊళ్లలో దాక్కున్న దండువాళ్లను ఏరుతున్నారని చిట్యాల నుంచి కబురు వచ్చింది. మర్నాడే లారీలు మా ఊరి బయట ఆగాయి.

అత్త చల్ల కుండ నింపింది. మా మరిది తన పెండ్లి కోసం నేసి దాచుకున్న రుమాలు తీసి అతని తలకు కట్టింది.

“వీళ్లకు గూడ మర్యాద జేస్తె మన జోలికి రారు. నీ చేతిపని చూడనియ్యి కొడుకా.”

అతను నావైపు తిరిగి నవ్వాడు. “చూడు వదినె, పిల్ల కంటె ముందు మిలట్రోళ్లే నన్ను పెండ్లికొడుకు లెక్క చూస్తాన్రు.”

సిపాయిలు కుండను చూడలేదు, తలను చూశారు. తుపాకి మడమతో కొట్టారు. కుండ పగిలింది. బాబును చంకనేసుకుని ఉరికాను. ఇంగ్లీషులో మాట్లాడేసరికి వాళ్ల అధికారి ఆగి, మర్యాదగానే విన్నాడు. ఇతను నా భర్త తమ్ముడు, ఆ గుడ్డ మా ఇంట్లోనే నేసింది, ఇతను దండు మనిషి కాడు అని చెప్పాను. అధికారి రుమాలు తీసి వాసన చూశాడు.

“నిన్న పట్టుకున్నవాళ్ల తలలకూ ఇవే ఉన్నాయి. వాళ్లకు ఎవరిచ్చారు?”

బాబు ఏడుపు అందుకున్నాడు. నా వెనక అత్త, “ఏమంటున్నడు బిడ్డా?” అని అడుగుతున్నది. నేను బాబును భుజాన వేసుకుని జోకొడుతూనే ఉన్నాను.

మరిదిని ఎక్కించుకుని లారీ నల్గొండ వైపు పోయింది. దఫ్తరు మూతపడి ఇంటికి వచ్చిన మా ఆయన జైళ్లన్నీ తిరిగాడు. అలాంటి మనిషి ఎక్కడా లేడన్నారు. మగ్గం మీద మరిది సగం నేసిన రుమాలు అలాగే ఉంది. కోయడానికి ఎవరికీ చేతులు రావడం లేదు.

బాబును పడుకోబెట్టి దీపం దగ్గర కూర్చుంటే అత్త వచ్చి అదే అడుగుతుంది, ఆ దొర నిన్నేమడిగిండని. గుడ్డ బాగుందన్నాడని చెబుతాను.

“మరి పిలగాన్ని ఎందుకు ఇడిసిపెడ్తలేడు?” అంటుంది.