బ్యాడ్జి తిరిగిచ్చేదాకా

మా ల్యాబ్ గేటు దగ్గర హజరత్తయ్యను కాపలా ఉద్యోగంలో పెట్టుకున్నది ఆయన ముఖం చూసి. ఎడమ చెవి కింద నుంచి గడ్డం దాకా కత్తిగాటు. ఎప్పుడో వలల గొడవలో, సముద్రం మీదే పడిందట. ఆ గాటు పెట్టినవాడి పళ్లు నాలుగు రాలగొట్టి ఒడ్డుకొచ్చానని ఆయనే చెప్పేవాడు, టీ తాగొచ్చానన్నంత మామూలుగా.

ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు వస్తే రొయ్యల గుంటల మధ్య ఉంటుంది మా ల్యాబ్. రొయ్యల జబ్బులు పరీక్షిస్తాం. నా పేరు వనజాక్షి, ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్లకు బ్యాడ్జీలు రాసిస్తాను. బయటి సైంటిస్టు ఎవరొచ్చినా గుర్తింపు కార్డు నా దగ్గర పెట్టి, ఎర్ర తాడున్న బ్యాడ్జి మెడలో వేసుకోవాలి. అది ఛాతీ మీద కనపడాలి. వెంట మావాళ్లు ఒకరుండాలి. పోయేటప్పుడు బ్యాడ్జి తిరిగిచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టి, కార్డు తీసుకోవాలి. శాంపిళ్లు తెచ్చే రైతులకూ ఇదే పద్ధతి.

కాగితం మీద ఉన్నది అంతే. హజరత్తయ్య దానికి సొంత అర్థం ఒకటి కట్టుకున్నాడు. ఆయన చాలా ఏళ్లు పడవ నడిపిన సరంగు.

"పడవెక్కినోడు దిగేదాకా సరంగుదే బాధ్యత. ఇదీ అంతే అమ్మాయ్. బ్యాడ్జి ఏసుకున్నోడు సంతకం పెట్టి పొయ్యేదాకా మనోడే" అనేవాడు. అన్నం క్యారియరు తెచ్చిన సొంత భార్య ఇందిరమ్మకు కూడా బ్యాడ్జి వేయించేవాడు. ఆవిడ తిట్టుకుంటూ వేసుకునేది. ముసలాడికి చాదస్తమని నేను నవ్వేదాన్ని.

పోయిన వేసవిలో కొచ్చి నుంచి మాథ్యూ అనే సైంటిస్టు వచ్చాడు. చుట్టుపక్కల గుంటల్లో రొయ్యలు తెల్లమచ్చ వచ్చి చస్తున్నాయి. ఆయన పరీక్ష చేసి, జబ్బు పాకకుండా పదకొండు గుంటల్లో మిగిలిన రొయ్యలను కూడా బ్లీచింగ్ కొట్టి చంపేయాలని రాశాడు. రాసింది సరైనదే. కానీ కళ్లముందు ఎగురుతున్న రొయ్యను చంపమంటే ఏ రైతు ఊరుకుంటాడు?

ఆ పదకొండులో నాలుగు గుంటలు గిరిబాబువి. పైఊరి వరి రైతు, కొత్తగా రొయ్యల్లోకి దిగాడు. మాథ్యూ అలా రాసిన మర్నాడు పొద్దున పదింటికి శాంపిల్ సీసా పట్టుకుని మర్యాదగా వచ్చాడు. కార్డు ఇచ్చాడు, బ్యాడ్జి వేసుకున్నాడు, బెంచీ మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతూ ఉన్నాడు. ఎవరితో మాట్లాడుతున్నాడో నాకేం తెలుసు?

పావుగంటలో రెండు ట్రాక్టర్లు వచ్చి గేటు ముందు ఆగాయి. ముప్పై మంది దిగారు. హజరత్తయ్య గేటుకు గడియ పెట్టి, మాథ్యూ ఉన్న వైపు పరిగెత్తాడు. గిరిబాబు లేచి వెళ్లి లోపలి నుంచి గేటు గడియ తీశాడు.

మొదటి రాయి నా కౌంటర్ అద్దానికే తగిలింది. నేను బల్ల కిందికి దూరాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, చివరిదాకా అక్కడే ఉన్నాను.

"ఆ మలయాళపోడు యాడుండాడ్రా?" అని అరుస్తున్నారు. మాథ్యూ ఉన్న గదులకు వెళ్లే దారిలో ఇనుప తలుపు ఉంది. హజరత్తయ్య దానికి తాళం వేసి, తాళంచెవిని బ్లీచింగ్ నీళ్ల తొట్టిలో పారేసి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"తప్పుకో తాతా."

"ఆయన మెడలో మా బ్యాడ్జి ఉండాది. తప్పుకోను."

ఒకడు చొక్కా పట్టుకున్నాడు. హజరత్తయ్య తలతో వాడి ముక్కు పగలగొట్టాడు. ఇంకొకడిని కడుపులో తన్నాడు. అప్పుడు గిరిబాబు గేటుకు అడ్డంపెట్టే ఇనుప కడ్డీ తెచ్చి ఆయన కుడిచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు బల్ల కింద ఉన్న నాకు కూడా వినిపించింది. చెయ్యి వేలాడుతున్నా ఆ మనిషి తలుపు వదల్లేదు. మళ్లీ కొట్టారు. కింద కూలబడి, తలుపుకే ఆనుకుని కూర్చున్నాడు.

ఈలోగా కబురు హజరత్తయ్య వాళ్ల జాలర్ల కుప్పానికి అందింది. హజరత్తయ్య బావమరిది మునెయ్య ముందు, వెనక నలభై మంది, తెడ్లూ కర్రలూ పట్టుకుని వచ్చిపడ్డారు. గుంటల రైతులు ట్రాక్టర్లు కూడా వదిలేసి పరిగెత్తారు. గిరిబాబు పగిలిన అద్దాల మీద జారి పడిపోయాడు. వాడి మీద కర్రలు పడ్డాయి. కాళ్ల మీద, వీపు మీద, తల మీద. నిజం చెబుతున్నా, బల్ల కింద నుంచి చూస్తూ నాకు సంతోషం వేసింది. ఇంకా కొట్టండి అనుకున్నాను.

హజరత్తయ్య పాక్కుంటూ వెళ్లి వాడి మీద బోర్లా పడ్డాడు.

"కొట్టబాకండిరా! ఈడి మెడలో బ్యాడ్జి ఉండాది!"

మునెయ్యకు పిచ్చెక్కింది. "నీ చెయ్యి ఇరగ్గొట్టినోడు బావా ఈడు! లెయ్యి!" అంటూ గిరిబాబు మెడలోని ఎర్ర తాడు పట్టుకుని తెంపి, బ్యాడ్జిని దూరంగా విసిరేశాడు. "ఇప్పుడు నీ మనిషి కాదు గదా. లెయ్యి!"

"సంతకం పెట్టలా" అన్నాడు హజరత్తయ్య.

మునెయ్య తెడ్డు ఎత్తి గిరిబాబు తల మీదికి దించాడు. హజరత్తయ్య తన తల అడ్డంపెట్టాడు. తెడ్డు అంచు ఆయన ఎడమకంట్లో దిగింది. మునెయ్య తెడ్డు పారేసి "బావా, బావా" అని ఏడుస్తూ కూలబడ్డాడు. గుంపు చేతులు అప్పుడు ఆగాయి.

మాథ్యూకు గీత కూడా పడలేదు. గిరిబాబు తలకు కుట్లు పడ్డాయి గానీ బతికాడు. హజరత్తయ్య కన్ను తీసేశారు. ఆయన్ను చూడటానికి గిరిబాబు ఈ రోజు వరకూ రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

నాలుగో రోజు నెల్లూరు ఆసుపత్రికి ఎస్సై వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఇందిరమ్మ పొద్దుటి నుంచీ మొగుణ్ణి బతిమాలుతూనే ఉంది. "కన్ను గిరిబాబే పొడిచినాడని చెప్పయ్యా. ఎట్టాగూ జైలుకు పొయ్యేవాడే గదా. నా తమ్ముడికి ఇద్దరు ఆడపిల్లలు." మునెయ్య బయట వరండాలో గోడవారన కూర్చుని ఉన్నాడు. మూడు రోజులుగా ఇంటికి పోలేదు.

నేను కూడా అలాగే చెప్పమన్నాను. ఆ గిరిబాబు మీద అంత కసి నాకు.

ఎస్సై కాగితం తీశాడు. హజరత్తయ్య మిగిలిన కన్ను తెరిచి ఆయన వైపు తిరిగాడు.

"చెయ్యి గిరిబాబు ఇరగ్గొట్టినాడు సార్. కన్ను మా మునెయ్య. నన్ను కాదు, గిరిబాబును కొట్టబొయ్యినాడు. రెండూ రాసుకోండి."

ఇందిరమ్మ లేచి, అందరం చూస్తుండగానే, కట్టు కట్టిన ఆ ముఖం మీద చాచి కొట్టింది. దూది మీద ఎర్రగా రక్తం ఊరింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. ఎస్సై కలం పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఏందయ్యా ఇది? ఇది కూడా రాయమంటావా?"

"వద్దు సార్" అన్నాడు హజరత్తయ్య. "అది నాకు పడాల్సిందే."